ఆముదం అడిగితే హెల్మెట్లు వచ్చాయి

మా పలాస చాలా చూసింది. తుపాన్లు చూసింది, రోజంతా రాని రైళ్ళు చూసింది, ఎన్నికలు చూసింది. కానీ ముప్పై రెండు మంది ఆడవాళ్ళు రెండు వరసల్లో కూర్చుని, మేస్త్రీలు పెట్టుకునే పసుపుపచ్చ హెల్మెట్లు తలలకి పెట్టుకుని, ఒట్టి చేతులతో జీడిపిక్కలు కొట్టడం మాత్రం ఒక్కసారే చూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని మన పెద్దలు అన్నారు. మా ఊళ్ళో చేతులు కాలాక హెల్మెట్లు పెట్టుకున్నారు. అందుకు కారణం నేను రాసిన ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం. ఆ వాక్యాన్ని నేను మూడు రోజులు కష్టపడి రాశానని చెప్పుకోవడానికి ఇప్పుడు కొంచెం సిగ్గుగానే ఉంది.

నా పేరు కరుణ. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఎం.ఎస్.డబ్ల్యూ. రెండో ఏడు చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. యూనివర్సిటీలో అడుగు పెట్టిన రోజు నుంచి నాకు ఒకటే భయం, నాకు ఇంగ్లీషు రాదని ఎవరైనా కనిపెట్టేస్తారేమోనని. భయం ఉన్నవాళ్ళు రెండు రకాలు. కొంతమంది నోరు మూసుకుంటారు. కొంతమంది పెద్ద పెద్ద మాటలు వాడతారు. నేను ఏ రకమో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

చివరి ఏడు అందరూ ఒక ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. నేను జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతుల గురించి రాస్తానన్నాను. మా అమ్మ రైల్వే గేటు దగ్గర జాకెట్లు కుడుతుంది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసే దాలమ్మ పిన్ని మా అమ్మ దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. ఆవిడది ఉద్దానంలో తోటల మధ్య ఊరు. రోజూ పొద్దున్నే షేరాటోలో పలాస వస్తుంది. పదిహేనేళ్ళుగా అదే ఫ్యాక్టరీ, అదే పీట. షావుకారు గారి దగ్గర పర్మిషన్ తీసుకుని, పుస్తకం పెన్ను పట్టుకుని నేను ఆవిడ పక్కన చతికిలబడ్డాను.

"ఏటి రాత్తన్నావమ్మీ?" అంది.

"మీ చేతుల గురించి పిన్నీ."

"సేతుల గురించి రాయడానికేటుంది. ఇదిగో, సూడు."

చూశాను. వేళ్ళ కొసలు నల్లగా, కాల్చిన వంకాయ తొక్కలా లేచిపోయి ఉన్నాయి. జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. పిక్క పగిలినప్పుడల్లా అది వేళ్ళకి అంటుకుని చర్మాన్ని తినేస్తుంది.

"అన్నం కలుపుకుంటే మంట," అంది దాలమ్మ పిన్ని. "పులుసేసుకుంటే దేవుడు కనబడతాడు. అందుకని సెంచాతో తింతన్నాను. మా అత్త ఆఫీసరైపోనాదని మా కోడలు నవ్వుతాది."

"మరి ఇన్నేళ్ళూ ఎలా చేశారు పిన్నీ?"

"ఇన్నేళ్ళూ ఆముదం ఇచ్చీవోరు కదేటి. పొద్దుట పీటెక్కీ ముందు తలా ఒక గరిటెడు. సేతులకి రాసుకుంటే జీడి అంటదు. సాయంత్రం సబ్బుముక్క. మొన్న ఏసంగినుంచి ఆపీసినారు. పప్పుకి ఆముదం వాసనొత్తందని కొనేవోళ్ళెవులో సెప్పినారంట. పప్పుకెలాగొత్తాది? మేం ముట్టుకునేది పొరతో ఉన్న పప్పు. పొర తీసీవోళ్ళు ఏరే గదిలో కూకుంటారు, ఆళ్ళు ఆముదం రాసుకోరు. ఆ మాటే షావుకారికి సెప్పినాం. నోటి మాట కాదు, సదువుకున్నోళ్ళెవులైనా ఇంగ్లీషులో రాసిత్తే కొనేవోళ్ళకి పంపుతానన్నాడు."

చుట్టూ ఉన్న పీటల మీద చప్పుడు ఆగిపోయింది. ముప్పై ఒక్క మంది నా వంక చూస్తున్నారు.

"నువ్వు రాత్తన్నది ఇంగ్లీషే కదా," అంది దాలమ్మ పిన్ని. "మా ఆముదం మాట అందులో రాసీ."

"రాస్తాను పిన్నీ," అన్నాను. ఆ రోజు నేను పలికిన మాటల్లో పనికొచ్చేది అదొక్కటే.

నిజానికి మొదటిసారి బాగానే రాశాను. జీడి నూనె చేతుల్ని కాలుస్తుంది, ఆడవాళ్ళకి ఆముదం కావాలి, ఇలా నాకొచ్చిన చిన్న ఇంగ్లీషులో రాసి మా గైడు మేడానికి ఇచ్చాను. ఆవిడ రెండు రోజుల్లో చదివి పిలిచారు.

"కరుణా, 'కిడ్స్' అని రాయకు, 'చిల్డ్రన్' అను. 'ఎ లాట్ ఆఫ్' ఇక్కడ బాగోలేదు, 'మెనీ' చాలు. 'కాంట్' అని కలిపి రాయకు, 'కెనాట్' అని పూర్తిగా రాయి. ఈ మూడూ మార్చు. కొంచెం ఫార్మల్‌గా ఉంటుంది. మిగతాది నాకు నచ్చింది."

ఇంత స్పష్టంగా చెప్పారు. కానీ నా చెవిలో పడింది రెండే మాటలు, "కొంచెం ఫార్మల్‌గా". నా ఇంగ్లీషు దొరికిపోయిందన్నమాట. పైకి మర్యాదగా మూడు మాటలన్నారు గానీ లోపల మొత్తం బాగోలేదనే అనుకుని ఉంటారు. మేడం చుట్టాల పెళ్ళికని మూడు వారాలు ఊరెళ్ళారు. నేను హాస్టల్ గదిలో సెల్‌ఫోనులో డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. ఉప్పు కొంచెం తక్కువైందంటే మా అమ్మ చిటికెడు వేస్తుంది. నేను నౌపడ ఉప్పుమడులన్నీ తవ్వి తెచ్చి ఒక్క గిన్నెడు పులుసులో ఒంపేశాను.

ఏం చేశానో వినండి. 'హ్యాండ్' అన్నచోటల్లా 'అప్పర్ ఎక్స్‌ట్రెమిటీ' అని పెట్టాను. చెయ్యి అంటే సరిపోయేదానికి శరీరపు పై అవయవం అన్నమాట. 'ఉమెన్' తీసేసి 'ఫిమేల్ రెస్పాండెంట్స్' చేశాను. దాలమ్మ పిన్ని 'రెస్పాండెంట్ నంబర్ సెవెన్' అయింది. చేతులు కాలుతున్నాయి అన్న వాక్యం 'కొంతమేరకు చర్మసంబంధమైన అసౌకర్యం గమనింపబడి ఉండవచ్చును' అనే అర్థం వచ్చేటట్టు మారింది. పులుసేసుకుంటే దేవుడు కనబడే మంట నా చేతిలో పడి అసౌకర్యం అయింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే కలుగుతుందే, అలాంటిది.

షావుకారు ఆముదం ఆపేశాడు అని ముందు రాశాను. అందులో షావుకారు ఉండటం నాకు మోటుగా అనిపించింది. 'సరఫరా నిలిపివేయబడినది' అని మార్చాను. ఎవరు నిలిపారో లేదు. సాయంకాలం గాలి పడిపోయినట్టు దానంతటదే నిలిచిపోయింది.

చివరికి ఆముదం దగ్గరికి వచ్చాను. 'కాస్టర్ ఆయిల్' అనే మాట చూడగానే నాకు ప్రాణం చచ్చిపోయింది. చిన్నప్పుడు మా అమ్మ నెత్తికి ఆముదం పట్టించి, రెండు జడలు గట్టిగా లాగి బడికి పంపేది. బెంచీలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ జిడ్డును తీసుకెళ్ళి యూనివర్సిటీ కాగితం మీద ఎలా పెట్టను? మూడు రోజులు ఆలోచించి, ఆముదం, సబ్బు, గరిటె, పొర తీసే గది అన్నీ కొట్టేసి వాటి బదులు ఒక్క వాక్యం రాశాను. "ఇట్ ఈజ్ సజెస్టెడ్ దట్ సూటబుల్ ప్రొటెక్టివ్ ఎక్విప్‌మెంట్ మే బీ కన్సిడర్డ్ ఫర్ ది కన్సర్న్‌డ్ వర్క్‌ఫోర్స్." సంబంధిత శ్రామికులకు తగిన రక్షణ సామగ్రి విషయం పరిశీలించవచ్చునని సూచించడమైనది.

అది రాసి, కాకి తన పిల్లను చూసి మురిసిపోయినట్టు చాలాసేపు చూసుకున్నాను. అందులో నాకు తెలిసిన మనిషిగానీ వస్తువుగానీ ఒక్కటీ లేదు. అందుకే అంత గొప్పగా ఉందనుకున్నాను.

మేడం వచ్చేదాకా ఆగాలి కదా. ఆగలేదు. ఎనభై నాలుగు పేజీలు ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, పలాస వచ్చి ఒక కాపీ దాలమ్మ పిన్ని చేతిలో పెట్టాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని మరీ అందుకుంది.

"మా ఆముదం మాట రాసినావా?"

"మొత్తం దాని గురించే పిన్నీ," అన్నాను. అబద్ధమని ఆ క్షణంలో నాకు తెలియదు.

దాలమ్మ పిన్ని పుస్తకం ఇచ్చి పీట దగ్గరికి వెళ్ళిపోయాక షావుకారు గారి గదిలో ఏం జరిగిందో అక్కడి గుమస్తాయే తరవాత నాకు చెప్పాడు. షావుకారు గారికి ఇంగ్లీషు రాదు. ఆ గుమస్తా పేరు పాత్రో. ఇచ్ఛాపురం మనిషి. ఒడియా, తెలుగు గడగడా మాట్లాడతాడు. ఇంగ్లీషు మాత్రం బిల్లుల మేరకు వచ్చు. పాత్రో గంటసేపు పేజీలు తిప్పాడు.

"ఏటి రాసిందా పిల్ల?" అన్నారు షావుకారు గారు.

"సానా గొప్పగా రాసింది బాబూ. సేతుల మాట ఎక్కడా లేదు. ఎవలికో ఏదో అసౌకర్యమంట. అది కూడా ఉండొచ్చంట, లేకపోవచ్చంట."

"మరి మననేటి సెయ్యమంటది?"

"రక్షణ సామగ్రి ఇమ్మంటది బాబూ."

"అంటే?"

"సేఫ్టీ సామాను."

"సేఫ్టీ సామానంటే?"

పాత్రో కాసేపు ఆలోచించాడు. అతని తప్పేమీ లేదు, మీరైనా అదే చెప్పేవారు. "హెల్మెట్టు బాబూ," అన్నాడు.

షావుకారు గారి బావమరిదికి టెక్కలిలో సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. దాని వెనక గదిలో అమ్ముడుపోని హెల్మెట్లు ఎన్నాళ్ళుగానో దుమ్ము కొట్టుకుంటున్నాయి. షావుకారు గారు ఫోన్ చేస్తే, "ఎన్ని కావాల బావా?" అని అటునుంచి సంతోషంగా అడిగారట.

రెండు రోజులాగి నాకూ ఫోనొచ్చింది. "అమ్మా కరుణా, నువ్వు రాసినట్టే సేసీసినాను. శుక్రవారం పొద్దుట రావాల. నీ సేతుల మీదుగా ప్రారంభోత్సవం."

గరిటెడు ఆముదానికి ప్రారంభోత్సవం ఏమిటని ఇంత బుర్ర ఉన్నదానికి అనుమానం రావాలా వద్దా? రాలేదు. మా అమ్మ కుట్టిన కొత్త చుడీదారు వేసుకుని, టిఫిన్ కారియర్ పట్టుకుని బయల్దేరాను. వీధిలో కనబడ్డవాళ్ళందరికీ "ఫ్యాక్టరీలో నా చేత ఓపెనింగ్ ఉంది" అని చెప్పాను. ఇద్దరు అడక్కపోయినా చెప్పాను.

గుమ్మం దగ్గర పాత్రో నా మెడలో బంతిపూల దండ వేశాడు. లోపలికి వెళ్ళాను. రెండు వరసల్లో ముప్పై రెండు పసుపుపచ్చ గుండ్లు. కొందరికి కనుబొమల మీదికి జారిపోయాయి. దాలమ్మ పిన్నికి పెద్ద కొప్పు. హెల్మెట్ ఆ కొప్పు మీద కూర్చుని, ఆవిడ పిక్క మీద దెబ్బ వేసినప్పుడల్లా మూతలా పైకి లేచి పడుతోంది. అరచేతికీ బోడిగుండుకీ ముడి వెయ్యడం ఎలాగో ఆ రోజు కళ్ళారా చూశాను. వేసింది నేనే.

దాలమ్మ పిన్ని కోపంగా అరవలేదు. అరిస్తే బాగుండేది. హెల్మెట్ కొంచెం పైకి తోసి, కాలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"సేతులు మండుతున్నాయంటే నెత్తికి టోపీ ఎట్టించినావేటే అమ్మీ?"

షావుకారు గారు నవ్వుతూ ఎదురొచ్చారు.

"బాగుందా అమ్మా? ఒక్కటీ తగ్గకుండా తెప్పించినాను."

"బాబూ, నేను రాసింది ఇది కాదు. ఆముదం."

"ఆముదమా? పాత్రో, పుస్తకం తే."

పుస్తకం వచ్చింది. మెడలో దండతో నిలబడి నేను ఎనభై నాలుగు పేజీలు తిరగేశాను. ముప్పై రెండు హెల్మెట్లు నా వైపే తిరిగి ఉన్నాయి. ఆముదం ఎక్కడా లేదు. నా చేతులతో నేనే కొట్టేశాను కదా. ఇంకో రెండు పేజీల్లో పుస్తకం అయిపోతుందనగా అడుగున చిన్న అక్షరాల్లో ఒక్కచోట దొరికింది, 'ప్లాంట్ డిరైవ్‌డ్ లూబ్రికెంట్'. మొక్కల నుంచి తీసిన జిడ్డు పదార్థమని నా ఉద్దేశం.

"ఇదిగోండి, లూబ్రికెంట్ అని రాశాను," అన్నాను ప్రాణం లేచొచ్చి.

"లూబ్రికెంటంటే గ్రీజు బాబూ," అన్నాడు పాత్రో. "మన బాయిలరు మోటారుకేసేది ఒక డబ్బా ఉంది. తెమ్మంటారా?"

"తెచ్చీ."

"వద్దండీ," అని నేను పెట్టిన కేక బయట ఆటోస్టాండుకి వినబడిందట. ఇంకొక్క నిమిషం ఆగితే ఆ ఆడవాళ్ళు నెత్తికి హెల్మెట్లు, చేతులకి గ్రీజు పెట్టుకుని పనిచేసేవారు.

షావుకారు గారి నవ్వు పోయింది. "సూడమ్మా. ఆముదం నా ఇంట్లో సొమ్ములాగ దాసుకోడానికి ఆపలేదు నాను. వాసనొత్తందని కొనేవోళ్ళు ఫోన్ సేసినారు. సరుకు ఎనక్కొచ్చేత్తే ఈళ్ళందరికీ పనేటి సూపించీది? ఆముదం కావాల, పప్పుకేటీ అవదు అని సదువుకున్నోళ్ళు తేటగా రాసిత్తే ఆళ్ళకి పంపుదునని సెప్పినాను. నువ్వు సామాను అడిగినావు, ఎట్టినాను. ఇంక నన్నేటి సెయ్యమంటావు?"

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ బాధ. ఈ కథలో విలను కోసం ఎంత వెతికినా దండ వేసుకున్న మనిషి తప్ప ఇంకెవరూ దొరకలేదు. నిలబడ్డచోటే ఏడుపొచ్చేసింది.

"ఏడిసి ఏటి సేత్తావు," అంది దాలమ్మ పిన్ని. "ఇలగొచ్చి కూకో."

"ఎక్కడ పిన్నీ?"

"నా పీట మీద. మజ్జానం దాకా కొట్టు. ఆముదం లేకుండా. అప్పుడు రాద్దువుగాని." తన హెల్మెట్ తీసి నా తలకి పెట్టింది. "ఇది కూడా ఎట్టుకో. నువ్వు రాసిందే కదా."

కొట్టాను. మొదటి పది పిక్కలకి ఐదు ముక్కలైపోయాయి. "గుండు పప్పు రావాలమ్మీ, పకోడీకి కాదు" అని పక్క పీటావిడ నవ్వింది. పదకొండు గంటలకి వేళ్ళు జివజివలాడాయి. పన్నెండింటికి మండాయి. హెల్మెట్ వల్ల నా చేతులకి ఏ ఉపకారమూ జరగలేదని నా పరిశోధనలో తేలింది.

ఒంటిగంటకి కారియర్ విప్పాను. మా అమ్మ చింతపండు బాగా వేసి చేపల పులుసు పెట్టింది. సబ్బు లేదు కదా, ఉత్త నీళ్ళతో చేతులు కడుక్కుని, అన్నంలో పులుసు పోసుకుని కలిపాను.

దేవుడు కనబడ్డాడు.

దాలమ్మ పిన్ని తన డబ్బాలోంచి చెంచా తీసి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. మళ్ళీ తనెలా తింటుందని అడిగితే, "నాకలవాటే" అని చేత్తోనే కలుపుకుంది. ఆవిడ ఒక్కో ముద్దకీ ఊపిరి బిగపట్టడం చూస్తూ ఆ చెంచాతో తిన్నాను. నా పుస్తకంలో 'అసౌకర్యం' అన్న మాట ఎన్నిసార్లు రాశానో గుర్తొచ్చింది.

తినగానే పాత్రోని ఒక తెల్లకాగితం అడిగి అక్కడే నేలమీద కూర్చుని రాశాను. ఒక రహస్యం చెప్తాను. పెన్ను పట్టుకుంటేనే వేళ్ళు మండుతుంటే మనిషికి పెద్దమాటలు గుర్తు రావు. 'అప్పర్ ఎక్స్‌ట్రెమిటీ' రాయాలంటే ఎన్ని అక్షరాలు రాయాలో తెలుసా? 'హ్యాండ్' నాలుగే అక్షరాలకి అయిపోతుంది. ఒక్కో మాటకీ చెయ్యి ఖర్చవుతుంటే కావలసిన మాటే వస్తుంది.

కాగితం మీద ఉన్నది ఇంతే. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది. అది చేతుల్ని కాలుస్తుంది. పిక్కలు కొట్టే ముందు ఆడవాళ్ళు చేతులకి ఆముదం రాసుకుంటే కాలదు. వాళ్ళు తాకే పప్పు మీద పొర ఉంటుంది. ఆ పొరని వేరే గదిలో వేరేవాళ్ళు తీస్తారు, వాళ్ళు ఆముదం వాడరు. పిక్కలు కొట్టేవాళ్ళకి పొద్దున్న ఆముదం, సాయంత్రం సబ్బు ఇవ్వాలి.

పాత్రో కాగితం అందుకుని ఎక్కడా ఆగకుండా పైకి చదివి, ఒక్క ఊపున తెలుగులో చెప్పేశాడు. చెప్పాక తనకే ఆశ్చర్యం వేసి కాగితం వెనక్కి తిప్పి చూశాడు, ఇంకేమైనా ఉందేమోనని.

"ఇది ఇంగ్లీషేనా?" అన్నారు షావుకారు గారు.

"ఇంగ్లీషే బాబూ."

"సదువుతుంటే నాకే తెలిసిపోతంది కదా. ఆయిలు, హేండు, సోపు. ఈ ముక్క ముందే రాసుంటే మా బావమరిది మొహం సూడక్కర్లేకపోను." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "పంపుతాను. ఆళ్ళేటంటారో సూద్దాం."

ఐదు రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు. ఆరో రోజు సాయంత్రం దాలమ్మ పిన్ని పీట దిగి, చేతులైనా కడుక్కోకుండా సరాసరి మా ఇంటికి వచ్చి రెండు చేతులూ నా ముక్కు దగ్గర పెట్టింది. ఆముదం కంపు. బడిలో నా పక్కన ఎవరినీ కూర్చోనివ్వని ఆ వాసనే. అంత మంచి వాసన నేను అంతకుముందు పీల్చలేదు.

మేడం ఊరినుంచి వచ్చారు. ఎనభై నాలుగు పేజీల పుస్తకం ఒకపక్క, ఆ కాగితం జిరాక్సు ఒకపక్క పెట్టుకుని చదివారు.

"నేను నిన్ను ఎన్ని మాటలు మార్చమన్నాను కరుణా?"

"మూడు మేడం."

"మరి ఇదేమిటి?"

"ఫార్మల్‌గా ఉండాలన్నారు కదా మేడం."

"ఫార్మల్ అంటే చొక్కాకి గుండీలు పెట్టుకోమని. ముఖానికి ముసుగేసుకోమని కాదు. కాస్టర్ ఆయిల్ ఫార్మల్ కాదని నీకెవరు చెప్పారు? అది దాని పేరు. కలెక్టరుకి రాసినా అదే పేరు." పుస్తకంలో ఇంకో పేజీ తిప్పారు. "ఈ 'మే', 'మైట్' కూడా. తెలియనిది రాసేటప్పుడు 'కావచ్చు' అనాలి, అది మర్యాద. కళ్ళతో చూసింది రాసేటప్పుడు 'కావచ్చు' అంటే అది పిరికితనం."

నేను తల వంచుకుని పుస్తకం అందుకోబోయాను. ఆవిడ చూపు నా చేతి మీద పడింది. పొక్కులు ఎండి తొక్క లేస్తోంది.

"ఆ వేళ్ళకేమైంది?"

"డెర్మల్..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. "కాలాయి మేడం."

"అదే రాయి," అన్నారు. రాశాను. రిపోర్టు ముప్పై తొమ్మిది పేజీలకి దిగింది. పాసయ్యాను.

ఇక హెల్మెట్ల సంగతి. బావమరిది వెనక్కి తీసుకోనన్నాడు. షావుకారు గారు మనిషికొకటి ఇంటికి పట్టుకుపొమ్మన్నారు. ఇప్పుడు ఉద్దానంలో మీరు ఏ పెరట్లోనైనా పసుపుపచ్చ హెల్మెట్లో మునక్కాడలు, ఎండుచేపలు, నారు పోసిన మిరపమొక్కలు చూస్తే, అది నా రచనేనని గుర్తుపట్టండి. ఏ పుస్తకమూ ఇన్ని ఇళ్ళకి చేరి ఉండదు.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం, మేం చర్చి నుంచి రాగానే దాలమ్మ పిన్ని జాకెట్టు కోసం మా ఇంటికి వచ్చింది. చేతిలో సంచి, సంచిలో హెల్మెట్. దాన్ని మా అమ్మ కుట్టుమిషను మీద పెట్టింది.

"ఇంకెప్పుడూ అలాగ రాయనని దీని మీద సెయ్యేసి ఒట్టెయ్యి," అంది నాతో.

"మేం ఒట్లు వెయ్యం కదా దాలమ్మా," అంది మా అమ్మ. "అవునంటే అవును, కాదంటే కాదు. అంతకు మించిన మాట ఎందుకు?"

"ఒట్టొద్దు, మాటియ్యమను. గట్టిగా."

గట్టిగా ఇవ్వాలనే నేనూ అనుకున్నాను. సందర్భం పెద్దది, సాక్షులున్నారు, ముందు హెల్మెట్ ఉంది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, దాని మీద కుడిచెయ్యి ఉంచాను.

"ఇకమీదట నా రచనల యందు అనవసర పదాడంబరము సాధ్యమైనంతవరకు పరిహరించబడగలదని ఇందుమూలముగా..."

దాలమ్మ పిన్ని నా చెయ్యి పక్కకి తీసి, హెల్మెట్ ఎత్తి నా నెత్తిన పెట్టి, పైన ఒక్కటిచ్చింది.

"మళ్ళీ సెప్పు."

"రాయను పిన్నీ."

"ఆఁ. అదీ," అని హెల్మెట్ తీసి సంచిలో పెట్టుకుంది. "ఇంక పోతాను. దీన్లో కోడి పొదుగుతంది, గుడ్లు గంపలోకి తీసొచ్చినాను. అది దీని కోసం సూత్తంటాది."